వృత్తి ఐస్‌ హాకీలో అనుబంధ జట్లు: ఎంపిక, నిర్వహణ

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
● మాతృజట్టు, అనుబంధ జట్టు అనే భావనలను వివరించగలుగుతారు.
● అనుబంధ జట్టును ఎంచుకొనేటప్పుడు పరిశీలించే అంశాలను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
● ఆటగాళ్లను పైకి పిలవడం, కిందికి పంపడం ఏ నియమాల ప్రకారం జరుగుతుందో తెలుసుకొంటారు.
● మాతృజట్టు అవసరాలకు, అనుబంధ జట్టు ఉన్న ఊరి అవసరాలకు మధ్య వచ్చే ఘర్షణను విశ్లేషించగలుగుతారు.

2. పరిచయం

హాకీ అనగానే మీకు పచ్చిక మీదనో, ఆస్ట్రోటర్ఫ్‌ మీదనో పదకొండు మంది చొప్పున ఆడే ఆట గుర్తుకు వస్తుంది. అమెరికా, కెనడాలలో మాత్రం హాకీ అంటే ఐస్‌ హాకీ. కాళ్లకు స్కేట్లు కట్టుకొని, గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు చొప్పున మంచు మీద ఆడతారు. ఈ భాగంలో మనం చర్చించేది ఆ ఆటను నడిపే వృత్తి జట్ల నిర్వహణ గురించి.

విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలలు ఉండటం మీకు తెలిసిన విషయమే. పాఠ్యప్రణాళిక, పరీక్షలు, పట్టాలు విశ్వవిద్యాలయానివి. భవనం, ఫీజులు, రోజువారీ నిర్వహణ కళాశాలవి. ఐస్‌ హాకీలో పెద్ద జట్టుకు, దాని అనుబంధ జట్టుకు ఉన్న సంబంధం కొంతవరకు ఇలాంటిదే. ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇక్కడ మాతృజట్టు తనకు అవసరమైన రోజున అనుబంధ జట్టులోని మంచి ఆటగాడిని అప్పటికప్పుడు పిలిపించుకోగలదు.

పేరు కలిసినంత మాత్రాన, యజమాని ఒకరే అయినంత మాత్రాన అది అనుబంధ జట్టు కాదు. సన్‌రైజర్స్‌ హైదరాబాద్‌ జట్టు యజమాని అయిన సన్‌ టి.వి. సంస్థకే దక్షిణాఫ్రికాలోని ఎస్‌ఎ20 క్రికెట్‌ పోటీలలో సన్‌రైజర్స్‌ ఈస్టర్న్‌ కేప్‌ అనే జట్టు ఉంది. అయినా ఐ.పి.ఎల్‌. మధ్యలో ఒక ఆటగాడికి గాయమైతే, అక్కడి నుంచి మరొకరిని నేరుగా హైదరాబాద్‌కు పిలిపించుకొనే హక్కు ఆ సంస్థకు లేదు. ఐస్‌ హాకీలో అనుబంధ జట్టు ప్రధానంగా ఉన్నదే అందుకు.

3. మూడు మెట్ల వ్యవస్థ

పై మెట్టు నేషనల్‌ హాకీ లీగ్‌ (ఎన్‌.హెచ్‌.ఎల్‌.). ఇందులో 32 జట్లు ఉన్నాయి. రెండో మెట్టు అమెరికన్‌ హాకీ లీగ్‌ (ఎ.హెచ్‌.ఎల్‌.). ఇది 1936లో మొదలైంది. 2022-23 సీజన్‌ నుంచి ఇందులోనూ 32 జట్లు ఉండటం వల్ల ఒక్కో పెద్ద జట్టుకు ఒక్కో అనుబంధ జట్టు అనే లెక్క కుదిరింది. మూడో మెట్టు ఇ.సి.హెచ్‌.ఎల్‌. రెండో మెట్టులో ఆడే అవకాశం రాని యువకులు, ముఖ్యంగా గోలీలు, అక్కడ ఆడుతూ అనుభవం సంపాదిస్తారు.

ఎన్‌.హెచ్‌.ఎల్‌.లో ఆడుతున్నవారిలో దాదాపు 90 శాతం మంది తమ దగ్గర ఆడి వెళ్లినవారేనని ఎ.హెచ్‌.ఎల్‌. చెబుతుంది. దీనినిబట్టి రెండో మెట్టు ప్రాముఖ్యాన్ని మీరు గ్రహించవచ్చు.

పెద్ద జట్టు ఒకేసారి 50 మంది వరకు ఆటగాళ్లతో ఒప్పందాలు చేసుకోవచ్చు. సీజన్‌లో దాని చురుకైన జాబితాలో ఉండగలిగేది 23 మందే. మిగిలినవారిలో ఎక్కువమందికి జీతం ఇస్తూ, ఆట నేర్పిస్తూ, అందుబాటులో ఉంచుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటే అనుబంధ జట్టు.

4. ఎంపికలో పరిశీలించే అంశాలు

4.1 యాజమాన్యం

అనుబంధ జట్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో మాతృజట్టే అనుబంధ జట్టుకు కూడా యజమాని. టొరంటో మేపుల్‌ లీఫ్స్‌, టొరంటో మార్లీస్‌ జట్లు రెండూ ఒకే సంస్థవి. ఇలాంటి చోట శిక్షకుడిని ఎవరు నియమించాలి, ఎవరిని ఎంతసేపు ఆడించాలి అనే విషయాలలో వివాదానికి తావు తక్కువ. టికెట్లు అమ్ముడుపోకపోతే ఆ నష్టం కూడా మాతృసంస్థదే.

రెండో రకంలో అనుబంధ జట్టుకు వేరే యజమాని ఉంటాడు. రెండు పక్షాలు కొన్నేళ్ల కాలపరిమితితో ఒప్పందం చేసుకొంటాయి. సాధారణంగా మాతృజట్టు తన ఆటగాళ్లను, శిక్షకులను పంపుతుంది. స్థానిక యజమాని స్టేడియం, టికెట్లు, ప్రచారం, ప్రయాణాలు చూసుకొంటాడు. కొందరు అనుభవజ్ఞులతో తానే సొంతంగా ఒప్పందాలు చేసుకొంటాడు. మాతృజట్టుకు పెట్టుబడి తగ్గుతుంది, దానితోపాటు అధికారమూ తగ్గుతుంది. గడువు తీరిన రోజున ఇద్దరిలో ఎవరైనా వేరే జోడీని వెతుక్కోవచ్చు.

4.2 దూరం

ఉదయం ప్రాక్టీసులో ఒక ఆటగాడికి గాయమైంది. సాయంత్రం మ్యాచ్‌ ఉంది. అతని స్థానంలో ఆడవలసినవాడు రెండు విమానాలు మారి రావలసి వస్తే ఏమవుతుందో ఊహించండి. దూరాన్ని పరిశీలించడానికి ఇది మొదటి కారణం. రెండో కారణం పర్యవేక్షణ. దగ్గరలో ఉంటే పెద్ద జట్టు అధికారులు తరచుగా వెళ్లి యువకుల ఆటను స్వయంగా చూడగలుగుతారు.

టొరంటో జట్టుకు 1991 నుంచి 2005 వరకు అనుబంధ జట్టు కెనడా తూర్పు కొసన, న్యూఫౌండ్‌లాండ్‌ దీవిలోని సెయింట్‌ జాన్స్‌లో ఉండేది. 2005లో దానిని టొరంటో నగరానికే తెచ్చుకొన్నారు. వాంకూవర్‌ జట్టు అనుబంధ జట్టు 2021 వరకు ఖండానికి అవతలి వైపు, న్యూయార్క్‌ రాష్ట్రంలోని యుటికాలో ఉండేది. ఇప్పుడది వాంకూవర్‌కు ఒక గంట ప్రయాణ దూరంలోని ఆబట్స్‌ఫర్డ్‌లో ఉంది.

ఈ ధోరణికి పెద్ద ఉదాహరణ 2015లో కనిపిస్తుంది. ఆ ఏడాది పశ్చిమ ప్రాంతానికి చెందిన ఐదు పెద్ద జట్లు (ఆనహైమ్‌, లాస్‌ ఏంజిలిస్‌, శాన్‌ హోసే, ఎడ్మంటన్‌, కాల్గరీ) తమ అనుబంధ జట్లను ఒకేసారి కాలిఫోర్నియాకు తరలించాయి. వాటిలో నాలుగు అంతకుముందు తూర్పు తీరప్రాంత రాష్ట్రాలలో ఉండేవి.

ఈ తరలింపులో లాభపడినవారితోపాటు నష్టపోయినవారినీ మీరు గమనించాలి. లాస్‌ ఏంజిలిస్‌ అనుబంధ జట్టు న్యూ హాంప్‌షైర్‌ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో ఉండేది. అది వెళ్లిపోతుందని 2015 జనవరిలో ప్రకటించారు. అదే సీజన్‌ చివర ఆ జట్టు ఎ.హెచ్‌.ఎల్‌. విజేతకు ఇచ్చే కాల్డర్‌ కప్‌ను గెలుచుకొంది. కప్పు గెలిచినా జట్టు ఊళ్లో నిలవలేదు. దాని బదులు మాంచెస్టర్‌కు మూడో మెట్టు జట్టు వచ్చింది. అది కూడా 2019లో మూతపడింది. మాతృజట్టుకు దూరం తగ్గించుకోవడం మంచి నిర్వహణ నిర్ణయమే. ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించింది మాత్రం అందులో మాట చెల్లని ఊరు.

5. రోజువారీ నిర్వహణ

5.1 పైకి పిలవడం, కిందికి పంపడం

యువ ఆటగాళ్లలో చాలామందితో రెండు జీతాల ఒప్పందం ఉంటుంది. పై లీగ్‌లో ఉన్న రోజులకు ఒక జీతం, కింది లీగ్‌లో ఉన్న రోజులకు అంతకంటే బాగా తక్కువ జీతం. అంటే పైనుంచి వచ్చే ఒక ఫోన్‌ పిలుపు ఆటగాడి స్థాయితోపాటు ఆ రోజు సంపాదనను కూడా మార్చివేస్తుంది.

కిందికి పంపడానికి 'వేవర్స్‌' అనే నియమం అడ్డుకట్టగా ఉంది. అనుభవం గల ఆటగాడిని కిందికి పంపాలంటే ముందుగా అతని పేరును మిగతా జట్లన్నింటికీ తెలియజేయాలి. 24 గంటలలోగా మరో జట్టు కోరితే అతడు ఆ జట్టుకు వెళ్లిపోతాడు. ఎవరూ కోరకపోతేనే అనుబంధ జట్టుకు పంపవచ్చు. వృత్తిలోకి కొత్తగా వచ్చినవారికి మొదటి కొన్నేళ్లు ఈ నియమం వర్తించదు. అందువల్ల సీజన్‌లో పైకీ కిందికీ ఎక్కువగా తిరిగేది వారే. ఇద్దరు సమాన ప్రతిభ గలవారిలో ఒకరిని పంపవలసి వస్తే, తరచుగా మినహాయింపు ఉన్న యువకుడే వెళతాడు. కారణం అతని ఆట కాదు, అతనిని పంపడంలో నష్టభయం లేకపోవడం.

5.2 ఆడే సమయం

అనుబంధ జట్టు అనుభవజ్ఞులతో నిండిపోకుండా ఎ.హెచ్‌.ఎల్‌.లో ఒక నియమం ఉంది. గోలీలు కాక బరిలోకి దిగే 18 మందిలో కనీసం 13 మంది ఇంకా ఎదుగుతున్న దశలోని ఆటగాళ్లై ఉండాలి. వారిలో అత్యధికులు వృత్తిస్థాయిలో 260 మ్యాచ్‌లకు మించి ఆడి ఉండకూడదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. ఇరవై ఒక్క ఏళ్ల రక్షణ ఆటగాడు పై జట్టులో ఉంటే మ్యాచ్‌కు ఎనిమిది నిమిషాలు ఆడతాడు, కింది జట్టులో ఉంటే ఇరవై రెండు నిమిషాలు. మీరే నిర్వాహకులైతే ఎక్కడ ఉంచుతారు? చాలామంది నిర్వాహకులు కిందనే ఉంచుతారు. బెంచీ మీద కూర్చొని ఆట నేర్చుకోలేరు కాబట్టి. అయితే ఆ ఇరవై రెండు నిమిషాలు అతనికి నిజంగా దక్కుతాయా అన్నది అనుబంధ జట్టు శిక్షకుడి చేతిలో ఉంది. అసలు ఘర్షణ ఇక్కడే మొదలవుతుంది.

6. లక్ష్యాల ఘర్షణ: రెండు ఉదాహరణలు

6.1 షికాగో వుల్వ్స్‌

షికాగో వుల్వ్స్‌ సొంత యజమాని గల జట్టు. అదే నగరంలోని పెద్ద జట్టు షికాగో బ్లాక్‌హాక్స్‌తో దీనికి అనుబంధం లేదు. 2020లో ఇది నార్త్‌ కరోలైనాకు చెందిన కరోలైనా హరికేన్స్‌తో జతకట్టింది. 2022లో కాల్డర్‌ కప్‌ గెలిచింది. అయినా 2023లో ఈ సంబంధం తెగిపోయింది. టికెట్‌ కొనే ప్రేక్షకుడు గెలుపును కోరుతాడు, అందుకు అనుభవజ్ఞులు కావాలన్నది వుల్వ్స్‌ వైపు వాదన. తన యువకులకు ఆడే అవకాశం ముందు రావాలన్నది మాతృజట్టు అవసరం.

2023-24లో వుల్వ్స్‌ ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేకుండా ఆడింది, ప్లేఆఫ్స్‌కు చేరలేకపోయింది. కరోలైనా తన యువకులను ఇతరుల అనుబంధ జట్లలో చోటు దొరికిన చోటికల్లా పంపవలసి వచ్చింది. వారి శిక్షణపై దానికి పట్టు లేకుండా పోయింది. 2024లో ఇద్దరూ మళ్లీ ఒప్పందానికి వచ్చారు. ఆ ఒక్క సీజన్‌ రెండు పక్షాలకూ తమ తమ పరిమితులను చూపించింది.

6.2 హెర్షీ బేర్స్‌

సొంత యజమాని ఉన్నంత మాత్రాన ఘర్షణ తప్పదని అనుకోనవసరం లేదు. పెన్సిల్వేనియాలోని హెర్షీ ఊరి జట్టు హెర్షీ బేర్స్‌ యాజమాన్యం స్థానిక సంస్థది. 2005లో అది కొలరాడోతో సంబంధం వదులుకొని, తనకు చాలా దగ్గరగా ఉన్న వాషింగ్టన్‌ కేపిటల్స్‌తో జతకట్టింది. మరుసటి ఏడాదే కాల్డర్‌ కప్‌ గెలిచింది. తరువాత 2009, 2010, 2023, 2024లలో కూడా గెలిచింది.

ఇక్కడి నుంచి ఆటగాళ్లతోపాటు శిక్షకుడు కూడా పైకి వెళ్లాడు. 2006లో కప్పు గెలిపించిన బ్రూస్‌ బుడ్రో 2007లో వాషింగ్టన్‌ శిక్షకుడయ్యాడు. 2018లో వాషింగ్టన్‌ స్టాన్లీ కప్‌ గెలిచినప్పుడు గోలీగా నిలిచిన బ్రేడెన్‌ హోల్ట్‌బీ, రక్షణలో కీలకమైన జాన్‌ కార్ల్‌సన్‌ హెర్షీలో ఆడి వచ్చినవారే. గెలిచే జట్టులో ఒత్తిడిని తట్టుకొని ఆడటం కూడా శిక్షణలో భాగమేనని రెండు పక్షాలూ అంగీకరించిన చోట ఊరికి గెలుపు, మాతృజట్టుకు ఆటగాళ్లు రెండూ లభిస్తాయి.

7. సారాంశం

అనుబంధ జట్టును పరిశీలించేటప్పుడు మీరు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. యజమాని ఎవరు? మాతృజట్టుకు ఎంత దూరం? బరిలోకి ఎవరిని దించాలో నిర్ణయించేది ఎవరు? మొదటి ప్రశ్నకు జవాబు డబ్బును, రెండోది సౌకర్యాన్ని తెలుపుతాయి. సంబంధం నిలుస్తుందా లేదా అన్నది ఎక్కువగా మూడో జవాబు మీద ఆధారపడుతుంది. ఒప్పందం కుదుర్చుకొనే నాడే దానిని స్పష్టంగా తేల్చుకోవడం నిర్వాహకుల మొదటి బాధ్యత.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పెద్ద జట్టుకు అనుబంధ జట్టు ఎందుకు అవసరం? 50, 23 అనే సంఖ్యల ఆధారంగా వివరించండి.
2. 'వేవర్స్‌' నియమం యువ ఆటగాళ్లపై ఎలాంటి ప్రభావం చూపుతుంది?
3. మాంచెస్టర్‌, హెర్షీ ఊళ్ల అనుభవాలను పోల్చి, యాజమాన్యం ఎవరిదన్నది ఊరికి ఎందుకు ముఖ్యమో చర్చించండి.