అన్నంలోకి కూరా? కూరలోకి అన్నమా?

మా ఇంటికి నెలకో బియ్యం బస్తా వస్తుంది. 25 కిలోలది, పాత సన్నబియ్యం. ఇంట్లో నలుగురం. ఎన్నేళ్ళుగానో బస్తా వస్తోంది, అయిపోతోంది, మళ్ళీ వస్తోంది. అందులో లెక్క చూసుకోవాల్సిందేదో ఉందని నాకెప్పుడూ తోచలేదు. మొన్నామధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.2 అని వచ్చింది. అంటే షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పుతోంది. నడుం చుట్టూ టేపు పెడితే 98 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 దాటకూడదంటారు. డాక్టరుగారు కాగితం చూసి "పిండిపదార్థాలు తగ్గించండి, కెలరీలు తగ్గించండి, మూడు నెలల తర్వాత రండి" అని తర్వాతి వాళ్ళను పిలిచారు.

ఇంటికొచ్చి ఫోన్‌లో కాలిక్యులేటరు తీశాను. 25 కిలోలను నలుగురికి, 30 రోజులకు పంచితే తలకు రోజుకి 208 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు, శక్తి 356 కెలరీలు. అంటే ఒక్క అన్నం ద్వారానే రోజుకి 160 గ్రాముల పైన పిండిపదార్థం, 740 కెలరీలు. ఇడ్లీరవ్వ ఇందులో లేదు. ఉప్మా లేదు, కాఫీలో చక్కెర లేదు, సాయంత్రం పునుగులు లేవు. రోజుకి 130 గ్రాముల లోపు పిండిపదార్థం తింటే దాన్ని 'లో కార్బ్' అని పరిశోధకులు అంటారు. కంచంలో అన్నం ఒక్కటే మమ్మల్ని ఆ గీత దాటించేస్తోంది.

"అన్నం తగ్గిస్తా" అని ఇంట్లో ప్రకటించాను. అమ్మ పళ్ళెం తుడుస్తూ తలెత్తి చూసింది. "అన్నం తినకుండా మరేం తింటావురా?"

ఐదు గరిటెల భోజనం

ఆవిడ ప్రశ్నలో తప్పేం లేదు. తెలుగులో అన్నం అంటే వండిన బియ్యమూ అదే, భోజనమూ అదే. మధ్యాహ్నం ఎవరైనా కనిపిస్తే "అన్నం తిన్నావా?" అంటాం. వంటింట్లో మొదటి ప్రశ్న "ఇవాళ అన్నంలోకి ఏంటి?" ఆ 'లోకి' అన్న ముక్కలోనే మన పళ్ళెం అంతా ఉంది. అన్నం ఇల్లు, కూర చుట్టం. చుట్టం ఎంత ఘనుడైనా ఓ మూల సర్దుకోవాల్సిందే.

పైగా మన భోజనం వంతులవారీగా నడుస్తుంది. మొదట పచ్చడో కందిపొడో, దాని మీద నెయ్యి. తర్వాత పప్పు, ఆపైన కూర, పులుసో చారో, చివర పెరుగు. ఒక్కోదానికి విడిగా ఒక గరిటెడు అన్నం పెట్టుకుని కలుపుకోవాలి. ఎవరూ తిండిపోతులు కాకపోయినా ఐదు వంతులకు ఐదు గరిటెలు అయిపోతాయి. అది కాక మారు వడ్డన ఉంటుంది. వద్దంటే మర్యాద కాదు.

ఇదంతా తాతల నాటి నుంచీ ఇలాగే ఉందనుకోవడం మాత్రం పొరపాటు. కాలువ నీళ్ళు పారని సీమలో రాగిసంగటి, తెలంగాణ ఊళ్ళలో జొన్నరొట్టె, గటక తిన్నవాళ్ళే ఎక్కువ. తెల్లన్నం చాలా ఇళ్ళలో పండగ మాట. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక అది పేదింటికీ రోజువారీ తిండి అయింది. ఆ మార్పును వెక్కిరించే హక్కు కడుపు నిండినవాడికి లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ జొన్నలూ రాగులూ పిండిపదార్థమే. కాకపోతే అవి తిన్నవాళ్ళు పొద్దస్తమానం పొలంలో ఉండేవాళ్ళు. మనం కుర్చీలో ఉంటున్నాం.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం, మరో 13 కోట్లకు పైగా జనం దాని అంచున ఉన్నారని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో లెక్క తేల్చింది. అదే సర్వే బృందం 2025లో మన తిండిని తూచి చూపింది. సగటు భారతీయుడికి అందే కెలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, ధాన్యాల వాటా మొత్తం కెలరీల్లో 45 శాతం మించొద్దని రాసింది. మా బస్తాకు ఆ సంగతి తెలియదు.

తక్కువ, ఇంకో తక్కువ

పిండిపదార్థాలు తగ్గించడం, కెలరీలు తగ్గించడం ఒకటే అనుకుని చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. గ్రాము పిండిపదార్థంలో 4 కెలరీలుంటే గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. అన్నం మానేసి గిన్నెడు పల్లీలు ముందు పెట్టుకుని టీవీ చూస్తే పిండిపదార్థం తగ్గుతుంది, నడుం తగ్గదు. వంద గ్రాముల పల్లీల్లో 560 కెలరీల పైనే. రెండోవైపు నుంచీ పడొచ్చు. కెలరీలు తగ్గించాలని రెండు ఇడ్లీలతో పొద్దున్న, గుప్పెడు మరమరాలతో సాయంత్రం గడిపితే లెక్క కుదురుతుంది గానీ, రాత్రి పదింటికి ఆకలి లేచి ఫ్రిజ్ తలుపు తీయిస్తుంది. కండకు కావాల్సిన మాంసకృత్తులు అందవు.

ఏది గొప్పదన్న వాదన పాతదే. లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన వృత్తిరీత్యా అంత్యక్రియలు ఏర్పాటు చేసేవాడు. ఒళ్ళు బరువుకు మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చేదట. డాక్టరు సలహాతో బ్రెడ్డు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానేసి ఏడాదిలో 20 కిలోల దాకా తగ్గి, 1863లో ఆ కథను చిన్న పుస్తకంగా అచ్చేశాడు. మన దగ్గరా ఈ పదేళ్ళలో డైట్ గురువుకో జట్టు చొప్పున తయారైంది. వీరమాచనేని రామకృష్ణ చెప్పారని కొబ్బరినూనె, నిమ్మకాయలు కొన్నవాళ్ళు, ఖాదర్ వలీ చెప్పారని కొర్రలు, అరికెలు నానబెట్టినవాళ్ళు, మంతెన సత్యనారాయణరాజు చెప్పారని ఉప్పూ నూనే మానేసినవాళ్ళు ఒకే అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎదురుపడుతుంటారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించి, ఇంకో జట్టుకు పిండిపదార్థం తగ్గించి ఏడాది పాటు చూశారు. 2018లో ఫలితం చెప్పారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా కాదు. జట్టు లోపల మనిషికీ మనిషికీ మాత్రం బోలెడు తేడా కనిపించింది.

అందుకే నాకు గురువుల గొడవ కంటే పళ్ళెంలో 'లోకి' ఎటు తిరిగి ఉందన్నదే ముఖ్యమనిపించింది. అన్నంలోకి కూర కాకుండా, కూరలోకి అన్నం.

మొదటి వారం ఏమీ మానొద్దు

మొదటి వారం నేను చేసింది రాసుకోవడమే. వంటింటి త్రాసు ఒకటి కొన్నాను. ఏం తిన్నా తూచి, పాత డైరీలో గీకడం. తూచాక తెలిసింది, నా దృష్టిలో 'కొంచెం అన్నం' అంటే 350 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాముల్లో 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, మిగిలినది దాదాపు నీళ్ళే. కాబట్టి నా 'కొంచెం'లో పిండిపదార్థమే దగ్గర దగ్గర వంద గ్రాములు.

రెండో వారం నుంచి వంతులు తగ్గించాను. పచ్చడిలోకి అన్నం లేదు, కూరలోకి లేదు, చారు గ్లాసులో తాగేయడమే. పప్పులోకి ఒక ముద్ద, పెరుగులోకి ఒక ముద్ద ఉంచుకున్నాను. ఎందుకంటే పెరుగన్నం లేకుండా భోజనం ముగిసినట్టు మా నాలుక ఒప్పుకోదు. అంతా కలిపి చిన్న కప్పు, వంద గ్రాములు. ఖాళీ అయిన చోటంతా కూర. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దొండకాయ, గోరుచిక్కుడు, వంకాయ, తోటకూర, ఏదైనా రెండు కప్పులు. బంగాళాదుంప, చేమదుంప, కంద మాత్రం కూరల వేషంలో ఉన్న అన్నమే.

ఇక్కడో చిక్కు వచ్చింది. అన్నంలో కలుపుకోవడానికి వండే కూరలో ఉప్పూ కారం నూనె మూడింతలుంటాయి. దాన్ని వట్టిగా రెండు కప్పులు తినలేం. తిన్నా నూనెతో కెలరీలు మళ్ళీ లెక్కకొస్తాయి. కూర వండే తీరే మారాలి. వేపుడు బదులు ఆవ పెట్టి, పాలు పోసి, కొబ్బరి కోరు చల్లి, పెసరపప్పు వేసి. మన పెద్దవాళ్ళకు ఇవన్నీ వచ్చు. పోషకాహార సంస్థ చెప్పిన నూనె లెక్క తలకు రోజుకి 27 గ్రాములు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. ఇంట్లో ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టుకోండి, చెంచాలు కొలవక్కర్లేదు.

టిఫిన్ విషయంలో మనకు అదృష్టం ఉంది. పెసరట్టు ఉన్న జాతికి లో కార్బ్ పాఠం ఇంకొకరు చెప్పాలా? పెసల్లో వంద గ్రాములకు 22 గ్రాముల పైనే మాంసకృత్తులు. పిండిలో బియ్యం కలపకండి, ఎమ్మెల్యే పెసరట్టులో ఎమ్మెల్యేను, అంటే ఉప్మాను, పక్కన కూర్చోబెట్టండి. రెండు చిన్న పెసరట్లు, అల్లం పచ్చడి, ఒక ఉడికించిన గుడ్డుతో మధ్యాహ్నం దాకా ఆకలి మాట రాదు. సాయంత్రానికి ఉడికించిన శనగలు.

రాత్రి చపాతీ దగ్గర మాత్రం మన ఊరంతా మోసపోతోంది. "షుగరండీ, రాత్రిపూట అన్నం మానేసి మూడు చపాతీలే" అని గర్వంగా చెప్పేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. ఒక చపాతీలో సుమారు 20 గ్రాముల పిండిపదార్థం. మూడు తింటే 200 గ్రాముల అన్నంతో సమానం. కొర్రలూ అంతే. పీచు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతాయి, మంచివే. కానీ వంద గ్రాముల కొర్రల్లో పిండిపదార్థం 60 గ్రాములకు తగ్గదు. బియ్యం తీసేసి అంతే గోధుమ, అంతే చిరుధాన్యం పెడితే ముప్పు తగ్గడం లేదని, పిండిపదార్థంలో కొంత తీసి పప్పులు, పాల ఉత్పత్తుల మాంసకృత్తులు పెడితేనే తగ్గుతోందని 2025 నాటి ఇండియాబ్ విశ్లేషణ చెప్పింది. నా రాత్రి భోజనం ఒక జొన్నరొట్టె, నిండుగా కూర, చేపో పనీరో. రోజు మొత్తం పిండిపదార్థం 150 గ్రాములు, కెలరీలు 1,450 దగ్గర ఆగాయి. 130కి కొంచెం పైనే. మొదటి నెలకు అది చాలనుకున్నాను.

త్రాసు చెప్పే అబద్ధం

ఐదు రోజుల్లో రెండు కిలోలు తగ్గాను. ఆఫీసులో నలుగురికి చెప్పుకున్నాను. చెప్పాక తెలిసింది, అందులో ఎక్కువ భాగం నీళ్ళని. కాలేయం, కండరాలు కలిపి పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాదాపు అర కిలో దాచుకుంటాయి. గ్రాము గ్లైకోజెన్‌కు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండిలో పిండిపదార్థం తగ్గగానే ఆ నిల్వ కరిగి, నీరు బయటికి పోతుంది. ఇన్సులిన్ తగ్గేసరికి మూత్రపిండాలు ఉప్పునూ వదిలేస్తాయి. మూడో రోజు తలనొప్పి, నీరసం, ఇంట్లోవాళ్ళ మీద విసుగు అందుకే. అమ్మ "చెప్పానా, అన్నం మానితే నీరసం వస్తుందని" అంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ రెండు గ్లాసులు తాగాక సర్దుకుంది. రక్తపోటు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఈ ఉప్పు వైద్యం అడక్కుండా చేయకూడదు. ఆ తర్వాత బరువు వారానికి అర కిలో లెక్కన దిగింది. రోజుకి 500 కెలరీలు తగ్గిస్తే అంతే దిగుతుంది.

షుగర్ మందుల మీద ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా ఒక్క పూట అన్నం కూడా మానొద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి మందులు వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గిస్తే, షుగర్ మామూలుగా కనిపిస్తుండగానే రక్తం ఆమ్లంగా మారి ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు సొంత వైద్యానికి దూరం. బ్రిటన్‌లో మధుమేహం ఉన్నవాళ్ళను రోజుకి సుమారు 850 కెలరీల పానీయాలతో నెలల తరబడి ఉంచి, 46 శాతం మందికి మందుల్లేకుండా ఏడాది చివర మధుమేహం అదుపులో ఉందని 2017లో నిరూపించారు. అది చదివి చాలామందికి ఉత్సాహం వస్తుంది. ఆ 850 వెనక డాక్టర్లు, నర్సులు వెన్నంటి ఉన్నారు.

ఇంకో లెక్క ఎవరూ రాయరు. రెండు కప్పుల కూర నలుగురికి కావాలంటే రోజుకి కిలోన్నర కూరగాయలు తరగాలి. డైట్ చేస్తున్నది నేను, కత్తిపీట ముందు కూర్చున్నది మా ఆవిడ. పది రోజులు చూసి, "ఏమండీ, తగ్గేది మీరు, అరిగేది నా వేళ్ళు" అంది. ఇప్పుడు గోరుచిక్కుడు ఈనెలు తీసేది నేనే. ఖర్చూ పెరిగింది. తెలంగాణలో రేషన్ కార్డు మీద తలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. గుడ్లు, పెసలు, పెరుగు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. రోజుకూలీ ఇంటికి వెళ్ళి అన్నం తగ్గించమని చెప్పేవాళ్ళు ఆ తేడా ఎవరు భరిస్తారో కూడా చెప్పాలి.

అమ్మ ఇంకా పూర్తిగా లొంగలేదు. నా కంచంలో కప్పుడు అన్నం పెట్టి, నేను అటు తిరగగానే గరిటెతో ఇంకాస్త జారుస్తుంది. మొన్న మాత్రం పొట్లకాయ కూర గిన్నె ముందు పెట్టి, "ఇందులోకి అన్నం ఎంత వేయను?" అని అడిగింది.

నిన్న కిరాణా కొట్టు నుంచి ఫోన్. "ఏం సార్, ఊళ్ళో లేరా? నెల దాటి పది రోజులైంది, బస్తా చెప్పలేదు."