పెట్రోలు వాసన – ఎడారి ఊళ్ల అమ్మమ్మలు

ఆస్ట్రేలియా దేశం నడిమధ్యన పెద్ద ఎడారి ఉంది. ఎటు చూసినా ఎర్రటి ఇసుక. ఊరికీ ఊరికీ మధ్య వంద, రెండొందల కిలోమీటర్ల దూరం. అక్కడ ఆదివాసులు ఉంటారు. తెల్లవాళ్లు ఓడల్లో వచ్చి ఆ దేశంలో కాపురం పెట్టింది 1788లో. ఆదివాసులు అంతకు ముందు యాభై వేల ఏళ్ల నుంచే ఆ నేల మీద బతుకుతున్నారు. తెల్లవాళ్లు వచ్చాక వాళ్ల భూములు పోయాయి. వేట పోయింది. ఎంతోమంది తల్లుల చేతుల్లోంచి సర్కారువాళ్లే పిల్లల్ని లాక్కుపోయి వేరే చోట పెంచారు. ఇది 1970 ప్రాంతం దాకా జరిగింది.

ఇలా చితికిపోయిన ఊళ్లలో కొన్నిచోట్ల ఒక కొత్త పీడ పట్టుకుంది. పిల్లలు పెట్రోలు పీల్చడం మొదలుపెట్టారు.

తాగడం కాదు, పీల్చడం. కారులోంచి దొంగతనంగా తీసిన పెట్రోలును డబ్బాలో పోసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని తిరిగేవారు. పదేళ్ల పిల్లలు కూడా! ఎందుకు? ఆ మత్తులో ఆకలి తెలియదు. చలి తెలియదు. చేద్దామంటే పని లేదు, ఆడుకుందామంటే ఆట లేదు. పక్కవాడు పీలుస్తుంటే వీడూ పీలుస్తాడు. పాడుబుద్ధి అని తిట్టి ఊరుకుంటే తేలే సంగతి కాదిది.

పెట్రోలులో టొల్యూన్ లాంటి పదార్థాలు ఉంటాయి. మత్తు వాటివల్లే. అవి ముక్కులోంచి ఊపిరితిత్తులకు, అక్కణ్ణుంచి రక్తంలోకి, మెదడులోకి పోతాయి. తల తిరుగుతుంది. లేనివి కనిపిస్తాయి. ఒక్కోసారి గుండె తప్పుగా కొట్టుకుని అక్కడికక్కడే ప్రాణం పోతుంది. దగ్గర్లో నిప్పు ఉంటే ఒళ్లు కాలుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే మెదడు పాడవుతుంది. చేతులు వణుకుతాయి, నడక పోతుంది. అప్పటి పెట్రోలులో సీసం కూడా కలిపేవారు. అది మరీ విషం. ఆ దేశంలో 2002 నుంచి సీసం పెట్రోలు ఆపేశారు.

మన పట్నాల్లో రైలు స్టేషన్ల దగ్గర కొందరు పిల్లలు వైట్‌నర్‌నో, పంచరు సొల్యూషన్‌నో గుడ్డలో పోసి పీలుస్తారు కదా. వాటిలోనూ ఉండేది ఇలాంటి విషమే.

యుయెండుము అనే ఊళ్లో వార్ల్‌పిరి తెగవాళ్లు ఉంటారు. 1994లో ఆ ఊళ్లో 70 మంది దాకా పిల్లలు పీల్చేవారు. పోలీసులు పట్టుకున్నా లాభం లేకపోయింది. అప్పుడు పెగ్గీ నంపిజిన్‌పా బ్రౌన్ అనే పెద్దావిడ, మరికొందరు పెద్దలు కలిసి ఒక ఉపాయం చేశారు. పీల్చే పిల్లల్ని మౌంట్ థియో అనే చోటికి తీసుకుపోయారు. అది ఊరికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడ పెట్రోలు దొరకదు. నడిచి పారిపోనూ లేరు. పెద్దలు వాళ్లతోనే ఉన్నారు. వేళకు తిండి పెట్టారు. వేట నేర్పారు. తమ తాతల సంగతులు చెప్పారు. ఒళ్లు కుదుటపడ్డాక ఊరికి తెచ్చారు.

తెచ్చి వదిలెయ్యలేదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఊళ్లో రోజూ ఆటలు, సాయంత్రాలు డాన్సులు పెట్టారు. చేతికి పని దొరికితే డబ్బా మీదికి మనసు పోదు. కొన్నేళ్లకు ఆ ఊళ్లో పీల్చడం దాదాపు ఆగిపోయింది. తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వం పెగ్గీకి పతకం ఇచ్చింది.

కానీ మిగతా ఊళ్ల మాటేమిటి? 1992లో మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. సారా లేకపోతే ఎవరికీ నష్టం లేదు. పెట్రోలు బంకు మూస్తే మాత్రం ఎడారిలో ఆస్పత్రికి కూడా పోలేరు. అందుకని పెట్రోలునే మార్చాలన్నారు. 2005లో బీపీ కంపెనీ ‘ఓపల్’ అనే కొత్త పెట్రోలు తెచ్చింది. అందులో మత్తు కలిగించే పదార్థాలు చాలా తక్కువ. కారు మామూలుగానే నడుస్తుంది. పీలిస్తే మత్తు రాదు, తలనొప్పి, వికారం వస్తాయి. అలాగని అది మంచిదని కాదు, అదీ ఒంటికి చెరుపే. ధర పెరక్కుండా సర్కారు డబ్బు భరించింది.

దీనివల్ల ఇంజన్లు పాడవుతాయని పుకారు పుట్టింది. కొన్ని బంకులవాళ్లు అమ్మమన్నారు. ఒక్క బంకులో పాత పెట్రోలు దొరికినా చాలు, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అది చేరుతుంది. చివరికి 2013లో చట్టం చేశారు. అవసరమైన ప్రాంతంలో మామూలు పెట్రోలు అమ్మకూడదని మంత్రి ఆజ్ఞ వెయ్యొచ్చు.

ఓపల్ వచ్చిన పదేళ్లలో, లెక్కలు తీసిన ఊళ్లలో, పీల్చేవాళ్లు పదిమంది ఉన్నచోట ఒకరో ఇద్దరో మిగిలారు. ఆటపాటలు నడిచే మనుషులు లేని ఊళ్లలో మాత్రం కొందరు సారాయికో, గంజాయికో మళ్లారు.

అప్పట్లో పీల్చి మెదడు దెబ్బతిన్న పిల్లలు ఇప్పుడు నడివయసువాళ్లు. కొందరు చక్రాల కుర్చీలో ఉన్నారు. వాళ్లకు తినిపించేది, నీళ్లు పోసేది చాలావరకు ఇంటి ఆడవాళ్లే.