మీ అబ్బాయి బ్యాగులో ఆ లావు నవల ఎందుకుంది?



గత పీటీఎమ్‌లో ఒక తండ్రి నా టేబుల్ మీద లావు ఇంగ్లిష్ నవల ఒకటి పెట్టి, "టెక్స్ట్‌బుక్ నాలుగు పేజీలు చదవమంటే నిద్రొస్తుందంటాడు మేడమ్. దీన్ని మాత్రం రాత్రి పన్నెండింటిదాకా వదలడు. ఏముంది ఇందులో?" అని అడిగారు. పుస్తకం లీ చైల్డ్ రాసిన 'కిల్లింగ్ ఫ్లోర్'. అబ్బాయి తొమ్మిదో తరగతి. లైన్‌లో వెనక ఇంకా పదిమంది ఉన్నారు, ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

1997లో వచ్చిన ఈ నవల హీరో జాక్ రీచర్, అమెరికా సైన్యంలో మిలిటరీ పోలీస్ మేజర్‌గా పనిచేసి బయటికొచ్చినవాడు. ఇల్లు లేదు, సామాను లేదు. జార్జియా రాష్ట్రంలో హైవే మీద బస్సు దిగి, వానలో నడుచుకుంటూ మార్‌గ్రేవ్ అనే చిన్న ఊరికి వస్తాడు. టిఫిన్ తింటుండగానే హత్య కేసులో అరెస్టవుతాడు. 2022లో ఇదే కథ ఓటీటీలో సిరీస్‌గా వచ్చింది. మన పిల్లలు చాలామంది అటునుంచే పుస్తకానికి వచ్చారు.

కొట్లాటల కోసమే చదువుతున్నారని నేనూ అనుకున్నాను. క్లాసులో అడిగితే ఆ అబ్బాయి చెప్పింది బార్బర్ షాపు గురించి! మార్‌గ్రేవ్ అద్దంలా మెరుస్తుంటుంది. షాపుల్లో గిరాకీ ఉండదు, అయినా ఎవరూ షట్టర్ దించరు. కారణం, ఒక డబ్బున్నాయన ఫౌండేషన్ నుంచి ప్రతి షాపుకూ వారానికి వెయ్యి డాలర్లు వస్తుంటాయి. ఎందుకిస్తున్నాడని ఎవరూ అడగరు. అసలు నేరం ఏమిటో నేను చెప్పను, మీరూ చదవొచ్చు కదా.

ఇది మనకు తెలియని ఊరేం కాదు. ఎల్బీ నగర్‌లో బస్సెక్కి సూర్యాపేటకో మిర్యాలగూడకో పండక్కి వెళ్లే కుటుంబాలు మన స్కూల్లో బోలెడు. అక్కడ కొత్త మొహం కనబడితే "ఎవరింటికొచ్చినవ్ బిడ్డా?" అని అడుగుతారు. ఎవరి స్థలం ఎవరు ఆక్రమించారో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. అంటే ఎలా? రేపు అదే మనిషితో పెళ్లి పందిట్లో పక్కపక్కన కూర్చోవాలి, అవసరమొస్తే అప్పు అడగాలి. సెలవులకు వెళ్లిన పిల్లలు ఈ మౌనాన్ని మనకంటే ముందే పసిగడతారు. బస్సు దిగినవాడికి ఆ ఊళ్లో చుట్టరికం లేదు, బాకీ లేదు. అందుకే అడగగలుగుతాడు.

మరి సైనికుడే ఎందుకు? లోకల్ పోలీసుకు లోకల్ నాయకుడుంటాడు. సైనికుడు ఎవరి మనిషీ కాడని మనకో నమ్మకం. పైగా మిలిటరీ పోలీసు అంటే సైనికుల నేరాలను విచారించే సైనికుడు. ఆయుధమూ తెలుసు, సాక్ష్యమూ తెలుసు. తెలుగులోనూ ఈ కథ ఉంది. 2020 సంక్రాంతికి వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు'లో మహేశ్‌బాబు మేజర్‌గా కర్నూలుకు వస్తాడు, అక్కడ ఒక ప్రొఫెసరమ్మ మంత్రికి ఎదురు నిలబడి ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే మధుబాబు షాడో నవలలు. సోషల్ పుస్తకంలో దాచుకుని చదివినవాళ్లు మీలోనే ఉన్నారని నాకు తెలుసు! (అన్నట్టు, లీ చైల్డ్ సైనికుడు కాదు. ఇంగ్లండ్‌లో టీవీ ఉద్యోగం పోయాక రాయడానికి కూర్చున్న మనిషి.)

నాకు భయం రక్తం గురించి కంటే వేగం గురించి. రీచర్ పోలీసూ తానే, జడ్జీ తానే, శిక్ష వేసేదీ తానే. కొద్ది రోజుల్లో అంతా తేలిపోతుంది. మన దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలినప్పుడు నేను పదో తరగతి. ఆ కేసులో ఎన్ఐఏ కోర్టు శిక్ష వేసింది 2016 డిసెంబరులో, హైకోర్టు దాన్ని ఖరారు చేసింది 2025 ఏప్రిల్‌లో. మధ్యలో సాక్షులు కోర్టు మెట్లెక్కి తాము చూసింది చెప్పారు. క్లాసులో ఈ తేదీలు బోర్డు మీద రాస్తే, "పన్నెండేళ్లా మేడమ్? రీచర్ అయితే..." అని ఒకరు మొదలుపెట్టారు. "రీచర్ తప్పు మనిషిని కొడితే అప్పీలు ఎవరికి చేసుకోవాలి?" అన్నాను. ఆ చర్చ ఇంకా తెగలేదు.

పుస్తకం లాక్కోమని నేను చెప్పను. పొట్టి పొట్టి వాక్యాలు, ఆగనివ్వని కథ. గ్రామర్ పుస్తకం చేయలేని పని అది చేస్తుంది. ఆ అబ్బాయి ఈ టర్మ్ రాసిన వ్యాసంలో మొదటిసారి వాక్యాలు ముక్కలు కాలేదు. కానీ ఇందులో హత్యలు ఘోరంగా ఉంటాయి, ఆరు, ఏడు తరగతుల పిల్లలకు వద్దు. సిరీస్ అయితే పూర్తిగా పెద్దలదే, ఫోన్‌లో లాక్ పెట్టండి. పెద్ద పిల్లలు చదువుతుంటే ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఆ ఊళ్లో ఎవరు ఎందుకు నోరు విప్పలేదో అడగండి.

ఆ అబ్బాయి మాత్రం నన్నే అడిగాడు: "వారం వారం డబ్బు తీసుకుని ఊరుకున్న బార్బర్‌ది కూడా నేరమేనా మేడమ్?" సగం క్లాసు అవునంది, సగం పాపం ముసలాయన అంది. ఇంతలో బెల్ కొట్టారు.

నా కాపీ లైబ్రరీలో పెట్టలేదు, స్టాఫ్ రూమ్ అల్మరాలో ఉంది. మీకు కావాలంటే వచ్చే పీటీఎమ్ రోజు అడగండి.