కౌంట్‌డౌన్ వెనుక సుమేరు గుమస్తాలు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. చలికాలంలో వెళ్తే దారి పొడవునా ఫ్లెమింగోలు కనిపిస్తాయి. ఆ రోడ్డు చివరే రాకెట్ కేంద్రం. 2023 జులై 14న మధ్యాహ్నం 2.35 గంటలకు చంద్రయాన్-3 అక్కడి నుంచే ఎగిరింది. అంతకుముందు ఇరవై ఐదున్నర గంటల కౌంట్‌డౌన్ నడిచింది. చివరి సెకన్లను మనమంతా టీవీ ముందు కూర్చుని లెక్కపెట్టాం. ఎప్పుడైనా ఆలోచించారా, గంటకు 60 నిమిషాలే ఎందుకు? 100 పెట్టుకుంటే లెక్క సులువే కదా?

దీనికి జవాబు కావాలంటే 5,000 ఏళ్లు వెనక్కి, ఇప్పటి ఇరాక్ దక్షిణ భాగానికి వెళ్లాలి. అప్పట్లో అది సుమేరు.

చిత్తడి నేలలో మొదలు

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల దిగువన చిత్తడి నేలలు, రెల్లు పొదలు, చేపలు. పులికాట్ ఒడ్డున పెరిగినవాళ్లకు ఇదేమీ కొత్త దృశ్యం కాదు. సుమేరియన్లు తమ తొలి నగరంగా చెప్పుకున్న ఎరిడులో, పాత గుడిని తవ్వితే చేపల ఎముకలు పొరలు పొరలుగా బయటపడ్డాయి. దేవుడికి పెట్టిన నైవేద్యం అన్నమాట.

అక్కడ వానలు తక్కువ. కాలువలు తవ్వి పొలాలకు నీళ్లు మళ్లించారు. బార్లీ బాగా పండింది. మిగిలిన ధాన్యం గిడ్డంగులకు చేరింది. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఎవరు ఎంత తెచ్చారు? ఏ కూలీకి ఎంత ఇవ్వాలి? చిన్న ఊరైతే నోటి లెక్క సరిపోతుంది. ఉరుక్ లాంటి వేలమంది ఉండే నగరానికి అది చాలదు. అందుకే క్రీ.పూ. 3200 ప్రాంతంలో అక్కడి గుమస్తాలు తడి మట్టి పలకల మీద రెల్లు పుల్లతో గుర్తులు వేయడం మొదలుపెట్టారు. మానవజాతి తొలి రాతల్లో అవి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం కథలు కాదు, కవితలు కాదు. ధాన్యం, గొర్రెలు, కూలి లెక్కలు.

ఒక పలకలో 37 నెలల కాలానికి 29,086 కొలతల బార్లీ అని రాసి, 'కుషిమ్' అని ఉంది. అది మనిషి పేరా, పదవి పేరా అన్న చర్చ ఇంకా సాగుతోంది. మనిషి పేరే అయితే, చరిత్రలో పేరు నిలిచిన తొలి మనుషుల్లో ఒకరు రాజు కాదు, స్టోరు లెక్కలు చూసిన ఉద్యోగి!

ఏంది నాయనా ఈ 120?

బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం గోదాము స్టాకును షీట్‌లోకి ఎక్కించడం. ఇందుకేనా నాలుగేళ్లు చదివింది అని రోజూ మనసులో తిట్టుకునేవాణ్ని. మూడో వారం ఒక వరుసలో 120 అని కొట్టి వదిలేశాను. కిలోలా, పెట్టెలా రాయలేదు. అవతలివాళ్లు పెట్టెలనుకున్నారు. లోడు తప్పు వెళ్లింది. మా పైఆయన అరవలేదు. "ఏంది నాయనా ఈ 120?" అని అడిగి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది.

ఉరుక్ గుమస్తాలు ఈ తప్పు చేసేవారు కాదేమో. గొర్రెల్లాంటి విడి వస్తువులకు ఒక అంకెల పద్ధతి, ధాన్యానికి ఇంకొకటి, పొలం విస్తీర్ణానికి మరొకటి వాడేవారు.

ఇక 60 సంగతి. 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30... వీటన్నిటితో 60 శేషం లేకుండా భాగింపబడుతుంది. 100ని ముగ్గురికి పంచి చూడండి, తేడా తెలుస్తుంది. సుమేరు లెక్కను బాబిలోనియా ఖగోళ పండితులు, వారి నుంచి గ్రీకులు తీసుకున్నారు. గడియారంలో నిమిషాలు, సెకన్లుగా, కోణాల కొలతగా మన దాకా వచ్చింది.

పోయిందేమిటి, మిగిలిందేమిటి?

క్రీ.పూ. 2004 ప్రాంతంలో ఎలామైట్ల దాడితో ఉర్ నగరం కూలింది. మెల్లగా సుమేరు భాష మాట్లాడేవాళ్లూ లేకుండా పోయారు. అయినా బాబిలోనియా బడుల్లో దాన్ని ఎన్నో శతాబ్దాల పాటు నేర్పారు. ఆ తర్వాత మట్టి పలక, రెల్లు కలం కూడా పోయాయి. 60 మాత్రం పోలేదు.

ఇవాళ మీరు నేర్చుకుంటున్న ప్రోగ్రామింగ్ భాష, టూల్ కూడా ఒకరకంగా మట్టి పలకలే. పదేళ్ల తర్వాత ఉంటాయో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. సరిగా లెక్కపెట్టడం, దేని లెక్కో రాయడం, ఇంకొకరు చదివితే అర్థమయ్యేలా దాచడం.. ఈ మూడూ వచ్చినవాళ్లు కొత్త పలక ఏది వచ్చినా దాని మీద రాయగలరు.

నిప్పూర్‌లో దొరికిన బడి పలకల్లో ఎడమ వైపు గురువు రాసిచ్చిన నమూనా, కుడి వైపు విద్యార్థి దాన్ని చూసి రాసిన వరుసలు ఉంటాయి. కుడి వైపు మట్టి పదే పదే చెరిపి రాయడం వల్ల పలచబడింది. ఈ వారం మీ ప్రాజెక్టు ఫైలు ఒకటి తెరవండి. ప్రతి అంకె పక్కన యూనిట్, తేదీ, ఎక్కడి నుంచి తెచ్చారో ఉందా చూడండి. లేకపోతే చెరిపి మళ్లీ రాయండి. ఇంటర్వ్యూలో "ఏంటీ 120?" అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబుండాలి.