ప్రకృతి సంపదకు లెక్క నేర్పు విద్య

ఉన్నత పాఠశాల విడిచిన పిదప ఏమి చదువవలెనని విద్యార్థులు మమ్ము తరచుగా అడుగుచుందురు. వైద్యము, ఇంజనీరింగు అందఱు నెఱిగినవే. ప్రకృతి వనరుల నిర్వహణమను విద్యయు విశ్వవిద్యాలయములందు కలదని యెఱిగినవారు కొందఱే. అడవిని, నేలను, నీటిని వాడుకొనుచునే తఱిగిపోకుండ కాపాడుట యెట్లో ఈ విద్య నేర్పును. అందు ముందుగా రూపుదాల్చిన శాఖలలో అటవీశాస్త్ర మొకటి.

దీని మూలసూత్రము కొఱత వలన పుట్టినది. జర్మనీలోని సాక్సనీలో గనులకును, లోహము కరగించు కొలుములకును కలప నఱకి నఱకి అడవులు క్షీణించెను. గనుల అధికారియైన కార్లోవిట్జ్ 1713లో నొక గ్రంథము వ్రాసి, పెరిగినంతకు మించి నఱకరాదని బోధించెను. అసలు ముట్టక వడ్డీతో సంసారము గడుపుట వంటిదే యిది. ఆ సాక్సనీలోనే థారాంట్‌లో 1811లో వెలసిన అటవీ విద్యాలయము నేడు డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున భాగము.

ఈ శాస్త్రమును మన దేశమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు జర్మనుడైన బ్రాండిస్. అతడు 1864లో భారత అటవీశాఖకు ప్రథమాధిపతి యయ్యెను. 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల ఏర్పడెను. అయితే ఆనాటి ప్రభుత్వపు లెక్కలో కలపకున్న విలువ కట్టెలేరుకొను పేదలకు, పసులకాపరులకు లేకపోయెను. 1878 నాటి అటవీ చట్టము గ్రామస్థుల హక్కులను మిక్కిలి కుదించెను. అడవి నంటి బ్రదుకువారి హక్కులను గుర్తించు చట్టము 2006లో గాని రాలేదు. కావుననే నేటి విద్యార్థి చెట్ల చుట్టుకొలత, ఎత్తు కొలుచుటయే గాక, అర్థశాస్త్రమును, చట్టమును, జనజీవనమును గూడ చదువవలెను.

మన తమిళనాడులో మేట్టుపాళయమందలి అటవీ కళాశాల వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినది. పండ్రెండవ తరగతిలో విజ్ఞానశాస్త్రములు చదివినవారి కచట నాలుగేండ్ల పట్టపు చదువు కలదు.

బోధన ఆంగ్లమున జరుగునుగదా, తెలుగున చదివిన మాకు సాధ్యమా యని మీరు శంకింపవచ్చును. ఆంగ్లము కష్టపడి నేర్వవలసినదే. అందు సందేహము లేదు. కాని మీరు వట్టిచేతులతో పోవుట లేదు. మన హోసూరు ప్రాంతపు బాలుడు కానుగను తమిళమున పుంగన్ అనియు, కన్నడమున హొంగె అనియు ఎఱుగును. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పొంగామియా అను పేరు మన దక్షిణదేశపు నాటుపేరు నుండి పుట్టినదే. పల్లెవారి మాటను శాస్త్రము స్వీకరించినపుడు, ఆ మాట నెఱిగిన మీరు శాస్త్రమునకు వెఱవనేల?

ఈ సెలవులలో మీ యూరి చెట్ల పేర్లను, అవి పూచు కాలమును, వాని ఉపయోగములను పెద్దల నడిగి వ్రాసికొనుడు. ఈ విద్యకు అదియే మొదటి పాఠము.