కృత్రిమ చిత్రాలతో సౌర విస్ఫోటనాల గుర్తింపు పరీక్ష

ఈ భాగం చదివిన తరువాత మీరు అనుకరణ దత్తాంశం అవసరాన్ని, గుర్తింపు రేటు అర్థాన్ని, దాని పరిమితిని వివరించగలుగుతారు.

1. జవాబు ముందే తెలిసిన పరీక్ష

నేను ఉండే కొత్వాల్‌గూడ శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర. విమానాశ్రయాలలో సామాను తనిఖీ సిబ్బంది అప్రమత్తతను పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. ప్రయాణికుల సంచుల ఎక్స్‌రే చిత్రాలలో కంప్యూటర్ అప్పుడప్పుడు లేని ఆయుధం బొమ్మను చేరుస్తుంది. ఎన్ని చేర్చామో తెలుసు కనుక, ఎన్ని దొరికాయో, ఎన్ని తప్పిపోయాయో లెక్కించవచ్చు. సౌర విస్ఫోటనాలను గుర్తించే ప్రోగ్రాములకూ ఇటువంటి పరీక్షే పెడతారు.

2. ఆదిత్య-ఎల్1 ఉదాహరణ

సూర్యుని చుట్టూ ఉండే కరోనా నుంచి వంద కోట్ల టన్నుల స్థాయిలో ప్లాస్మా ఎగసిపడడాన్ని కరోనల్ మాస్ ఇజెక్షన్ అంటారు. అది భూమిని తాకితే ఉపగ్రహాలకు, విద్యుత్ గ్రిడ్లకు, విమానాల రేడియో సంబంధాలకు ఇబ్బంది కలగవచ్చు. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఆదిత్య-ఎల్1లోని వెల్క్ అనే కరోనాగ్రాఫ్ వీటిని చిత్రీకరించడానికి రూపొందింది.

చిత్రాలన్నిటినీ భూమికి పంపడం కష్టం. అందుకే విస్ఫోటనం ఉన్నవాటిని వ్యోమనౌకలోనే ఎంపిక చేసే ప్రోగ్రామును శాస్త్రవేత్తలు తయారుచేశారు. అది వరుస చిత్రాలలో ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తుంది. మారని భాగం పోయి, కదిలినది మిగులుతుంది. మిగిలిన మచ్చ ప్రకాశం, వైశాల్యం నిర్ణీత హద్దులు దాటితేనే దాన్ని విస్ఫోటనంగా పరిగణిస్తుంది.

అయితే వెల్క్ చూసే ప్రాంతాన్నే, అంటే సూర్యకేంద్రం నుంచి 1.05 మొదలు 3 సౌర వ్యాసార్ధాల వరకు, చూసే అంతరిక్ష కరోనాగ్రాఫ్ అప్పటికి లేదు. కనుక రితేశ్ పటేల్ తదితరులు కరోనా చిత్రాలను కృత్రిమంగా సృష్టించి, కాంతికణాల సహజమైన ఒడిదుడుకులను కలిపి, వాటిలో రకరకాల విస్ఫోటనాలను చొప్పించి ప్రోగ్రామును పరీక్షించారు.

3. ఫలితాన్ని చదవడం

2018లో ప్రచురించిన వారి ఫలితాల ప్రకారం, పంపవలసిన దత్తాంశాన్ని 85 శాతం లేదా అంతకు మించి తగ్గిస్తూనే, 70 శాతం లేదా అంతకు మించి విస్ఫోటనాలను గుర్తించవచ్చు. అంటే 1,000 చిత్రాలలో 150 పంపితే చాలు. కానీ 100 విస్ఫోటనాలలో 30 దాకా తప్పిపోవచ్చు. హద్దులు సడలిస్తే మసక విస్ఫోటనాలూ దొరుకుతాయి, కాని అనవసర చిత్రాలూ పెరుగుతాయి. బిగిస్తే దత్తాంశం తగ్గుతుంది, కాని వ్యోమనౌకలో వదిలేసిన చిత్రం మళ్ళీ దొరకదు.

మరొక విషయం గమనించండి. నిజమైన విస్ఫోటనాలు మనం చొప్పించిన వాటిని పోలి ఉన్నంతవరకే ఈ శాతాలు చెల్లుతాయి. అందుకే వారు స్టీరియో కార్-1, కె-కార్ పరికరాల నిజమైన చిత్రాలపై కూడా ప్రోగ్రామును పరీక్షించారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక ప్రోగ్రాము 40 కృత్రిమ విస్ఫోటనాలలో 30ని గుర్తించింది. ఏమీ లేని 5 చోట్ల విస్ఫోటనం ఉందన్నది. గుర్తింపు రేటు ఎంత? ఆ 5 తప్పులు ఆ రేటులో ఎందుకు కనిపించవు?