హైదరాబాదు సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు: చరిత్ర, విజయాలు, వారసత్వం

వ్యాస సంగ్రహం:
స్వతంత్ర భారతదేశపు తొలి పదిహేనేళ్ళలో దేశీయ ఫుట్‌బాల్‌ను శాసించిన జట్లలో హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు ఒకటి. 1950 - 1963 మధ్య ఈ జట్టు నాలుగుసార్లు డ్యూరాండ్ కప్‌ను, తొమ్మిదిసార్లు రోవర్స్ కప్‌ను గెలుచుకున్నది. ఈ జట్టు ఆవిర్భావాన్ని, శిక్షణ పద్ధతిని, విజయాలను, క్షీణతకు దారితీసిన కారణాలను వివరించడం, 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్‌సీతో పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: హైదరాబాదు సిటీ పోలీస్, ఆంధ్ర పోలీస్, సయ్యద్ అబ్దుల్ రహీం, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి సాంస్కృతిక చరిత్ర రచనలో సాహిత్యానికి, నాటకానికి, చలనచిత్రానికి దక్కిన స్థానం క్రీడలకు దక్కలేదు. క్రీడలను గురించి రాసినా క్రికెట్, బ్యాడ్మింటన్‌ల వద్దే ఆ రచన ఆగిపోతున్నది. ఫుట్‌బాల్ అనగానే కలకత్తా, గోవా, కేరళలు స్ఫురించడం పరిపాటి. అయితే కలకత్తా మహాజట్లను వారి వైభవకాలంలోనే ఓడించిన జట్టు ఒకటి మూసీ ఒడ్డున ఉండేది. ఒక విజయవంతమైన జట్టు ఏ పునాదులపై నిలుస్తుంది, అవి కదిలితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు దాని చరిత్రలో సమాధానాలు దొరుకుతాయి.

2. జట్టు ఆవిర్భావం - నేపథ్యం:
సికింద్రాబాదు కంటోన్మెంటులోని బ్రిటిష్ సైనిక దళాల ద్వారా జంటనగరాలకు ఫుట్‌బాల్ పరిచయమైంది. సైనిక మైదానాల నుంచి అది పాఠశాలలకు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, బస్తీలకు వ్యాపించింది. ఈ వాతావరణంలోనే 1939లో హైదరాబాదు నగర పోలీసు శాఖ జట్టు రూపొందింది.

ఇది నేటి అర్థంలో వృత్తిపరమైన క్లబ్బు కాదు. ఆటగాళ్ళు శాఖలో ఉద్యోగులు. జీతం ఉద్యోగానిది, గుర్తింపు ఆటది. ఒలింపిక్ క్రీడలు అమెచ్యూర్లకే పరిమితమైన ఆ కాలంలో ఈ ఏర్పాటు ఆటగాని అర్హతను కాపాడుతూనే అతనికి జీవిక కల్పించింది. పేదకుటుంబపు యువకునికి నెలజీతం, సాధనకు సమయం, ఆట ముగిసిన తరువాత కూడా ఉద్యోగం ఉంటాయన్న భరోసా లభించాయి. జట్టు స్థిరత్వానికి మూలం ఈ భరోసాయే.

3. రహీం శిక్షణ పద్ధతి:
ఈ జట్టు విజయాల వెనుక ఉన్న ప్రధాన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం (1909 - 1963). వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని, అక్కడి జట్టుకు ఆడినవాడు. 1943 నుంచి మరణించేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశాడు. 'రహీం సాబ్'గా ప్రసిద్ధుడైన ఆయన సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ ఏకకాలంలో శిక్షకుడు.

ఆయన పద్ధతిలో ఉపాధ్యాయుని దృష్టి స్పష్టంగా కనిపిస్తుంది. విద్యార్థికి ఏది రాదో దానినే అభ్యాసంగా ఇవ్వడం దాని సూత్రం. ఆటగాడు తన బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను ఆయన నిర్వహించేవాడు. బంతిని ఒక్కడే తీసుకుపోవడాన్ని, అంటే డ్రిబ్లింగును, నిషేధించిన పోటీలు, తక్కువ వ్యవధిలో ముగిసే పోటీలు కూడా పెట్టేవాడు. మొదటి రకం పోటీ వలన ఆటగానికి రెండు కాళ్ళూ సమానంగా పనికివస్తాయి. రెండవ రకం వలన బంతిని వెంటనే సహచరునికి అందించడం అలవాటవుతుంది. మూడవ రకం వేగాన్ని పెంచుతుంది. చిన్న పాసులతో, వేగంగా, సమష్టిగా సాగే ఆటతీరు ఈ మూడింటి కలయిక. విడిగా చూస్తే ఇవి పిల్లల ఆటల్లా కనిపిస్తాయి. కలిపి చూస్తే ఒక పాఠ్యప్రణాళిక.

4. విజయాల పట్టిక:
జట్టు ప్రధాన విజయాలు ఇవి:

అ) డ్యూరాండ్ కప్ (4): 1950, 1954, 1957, 1961.
ఆ) డ్యూరాండ్ కప్‌లో ద్వితీయ స్థానం (3): 1952, 1956, 1963.
ఇ) రోవర్స్ కప్ (9): 1950, 1951, 1952, 1953, 1954, 1957, 1960, 1962 (ఈస్ట్ బెంగాల్‌తో సంయుక్తంగా), 1963.

1888లో సిమ్లాలో ఆరంభమైన డ్యూరాండ్ కప్ దేశంలోకెల్లా ప్రాచీనమైన పోటీ. స్వాతంత్ర్యానంతరం 1950లో అది ఢిల్లీలో పునఃప్రారంభమైనప్పుడు విజేతగా నిలిచింది సిటీ పోలీస్ జట్టే. ఫైనల్‌లో ఓడిన జట్టు మోహన్ బగాన్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరుసగా ఐదేళ్ళు గెలవడం మరింత అరుదైన ఘనత. 1950, 1954, 1957లలో రెండు కప్పులూ ఈ జట్టువే అయ్యాయి.

ఈ పట్టికలో రెండు విషయాలు గమనార్హం. మొదటిది, విజయాలు ఒక తరం ఆటగాళ్ళతో ఆగిపోలేదు. 1950 నాటి జట్టు వేరు, 1963 నాటి జట్టు వేరు, శిక్షణ ఒక్కటే. రెండవది, 1962లో డ్యూరాండ్ జరగలేదు గనుక, 1950 - 1963 మధ్య జరిగిన పదమూడు పోటీలలో ఏడింటి ఫైనల్‌లో ఈ జట్టు ఉన్నది.

5. జాతీయ జట్టుకు చేయూత:
రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఘోరంగా ఓడింది. పలువురు ఆటగాళ్ళు పాదరక్షలు లేకుండా ఆడే అలవాటుకు ఆ ఓటమితో తెరపడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం భారతే. నాటి జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, అహ్మద్ హుస్సేన్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళు, సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ మరొకసారి స్వర్ణం గెలిచింది. అప్పటికే రహీం క్యాన్సర్ పీడితుడు.

దేశీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీలో కూడా ఈ ప్రభావం కనిపిస్తుంది. 1956-57, 1957-58లలో వరుసగా హైదరాబాదు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ ఆ ట్రోఫీని గెలిచాయి.

6. పేరు మార్పు - ప్రాంతీయ అస్తిత్వం:
జట్టు పేరు వెంట రాష్ట్రచరిత్ర నడిచింది. నిజాం పాలనలో పుట్టిన జట్టు 1948 పోలీసు చర్యను దాటి, హైదరాబాదు రాష్ట్రపు జట్టుగా తొలి విజయాలు సాధించింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన కొన్నాళ్ళకు అది 'ఆంధ్ర పోలీస్' అయింది. 1960ల నాటి కప్పులు ఆ పేరు మీదనే నమోదయ్యాయి.

ఈ మార్పును నెల్లూరు వంటి కోస్తా జిల్లా వైపు నుంచి చూస్తే ఒక వైచిత్రి కనిపిస్తుంది. 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగమైన నెల్లూరుకు ఈ జట్టు మొదట పొరుగువారి జట్టు. పేరు మారగానే స్వరాష్ట్రపు జట్టు. కాని ఆ జట్టును పోషించిన మైదానాలు, పోటీలు, శిక్షకుడు జంటనగరాలలోనే ఉన్నారు. పేరు విస్తరించినంతగా పునాది విస్తరించలేదు. ఒక జట్టు పేరు రాష్ట్రానిదైనంత మాత్రాన ఆట రాష్ట్రమంతటిదీ కాదని ఇది తెలుపుతుంది.

7. క్షీణతకు కారణాలు:
1963 జూన్ 11న రహీం మరణించాడు. ఆ ఏడాది తరువాత జట్టు ఖాతాలో డ్యూరాండ్ గాని, రోవర్స్ గాని చేరలేదు. అయినా ఒక్క వ్యక్తి మరణమే కారణమనడం సమంజసం కాదు. మూడు కారణాలను గుర్తించవచ్చు.

మొదటిది శిక్షణ సంస్థాగతం కాకపోవడం. రహీం పద్ధతి ఆయనతో ఉన్నది. ఆయన తరువాత దానిని కొనసాగించే శిక్షణాలయం లేదు. రెండవది వలస. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళినట్లే ప్రతిభావంతులను కలకత్తా ఆకర్షించింది. పెద్ద లీగు, వేలాది ప్రేక్షకులు, పత్రికల ఆదరణ అక్కడ ఉన్నాయి. మూడవది పోటీల స్వరూపం మారడం. 1996లో జాతీయ లీగు వచ్చింది; 2000-01 తరువాత రోవర్స్ కప్ నిలిచిపోయింది. కప్పుల కాలంలో ఎదిగిన శాఖాజట్టుకు లీగుల కాలంలో చోటు కుంచించుకుపోయింది.

8. హైదరాబాదు ఎఫ్‌సీ - ఒక పోలిక:
2019లో పుణె సిటీ స్థానంలో ఇండియన్ సూపర్ లీగులోకి హైదరాబాదు ఎఫ్‌సీ ప్రవేశించింది. తొలి ఏడాది పట్టికలో చివరిస్థానం. స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షకుడయ్యాక పరిస్థితి మారింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1తో సమంగా నిలిచి, పెనాల్టీలలో 3-1తో గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. నైజీరియా ఆటగాడు ఒగ్బెచే ఆ సీజనులో 18 గోల్స్ చేశాడు.

కోవిడ్ కారణంగా ఆ సీజను మొత్తం గోవాలోనే జరిగింది. అంటే విజేతగా నిలిచిన ఏడాది హైదరాబాదు జట్టు హైదరాబాదులో ఒక్క లీగు మ్యాచ్ కూడా ఆడలేదు. అనంతరం ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి. 2023-24లో జట్టు మళ్ళీ చివరిస్థానానికి దిగజారింది. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకున్నది.

సిటీ పోలీస్ జట్టు కూడా తన కప్పులను బొంబాయిలో, ఢిల్లీలో గెలిచింది. కాని గెలిచినవారు తిరిగి వచ్చినది తమ బస్తీలకే, తమ ఉద్యోగాలకే. పాత జట్టుకు ధనం తక్కువ, వేళ్ళు లోతు. కొత్త జట్టుకు ధనం వచ్చింది, వేళ్ళూనే వ్యవధి దొరకలేదు.

9. ముగింపు:
- హైదరాబాదు సిటీ పోలీస్ విజయాలకు ఉద్యోగభద్రత, స్థానిక ప్రతిభ, శాస్త్రీయమైన శిక్షణ అనే మూడు ఆధారాలు.
- వాటిలో శిక్షణ వ్యక్తిపై ఆధారపడి ఉండడం వలన ఆ వ్యక్తితోపాటే జట్టు ప్రాభవం తగ్గింది.
- పెట్టుబడితో విజేత జట్టును స్వల్పకాలంలో నిర్మించవచ్చునని, ఆ ఊళ్ళో నిలబెట్టడానికి అది చాలదని హైదరాబాదు ఎఫ్‌సీ అనుభవం నిరూపిస్తున్నది.
- 2024లో హిందీ చిత్రం 'మైదాన్' రహీం జీవితాన్ని దేశానికి గుర్తుచేసింది. తెలుగులో ఆ పని పరిశోధకులు చేయవలసి ఉన్నది. ఆనాటి తెలుగు, ఉర్దూ, ఆంగ్ల పత్రికలను, పోలీసు శాఖ దస్తావేజులను కలిపి చదవాలి. నాటి ఆటగాళ్ళలో చాలామంది గతించారు; బలరాం 2023లో కన్నుమూశారు. వారి ఆటను మైదానంలో చూసినవారు ఇంకా కొందరున్నారు. వారి జ్ఞాపకాలను నమోదు చేయడం ఇకపై వాయిదా వేయదగిన పని కాదు.